లాబ్‌లో తెరుచుకోని ప్రాజెక్టు

సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు, ఛార్జరు పెట్టాను. మర్నాటి నుంచి రెండు రోజులు తెలంగాణ బంద్. యూనివర్సిటీ గేట్లు మూసేలోపు దాని మీదుగా అడిక్‌మెట్‌లోని స్నేహితురాలి గదికి చేరాలని నా కోడలు భూమిక తొందర. ఎవరి సంచి సర్దినా ఒకటికి రెండుసార్లు విప్పి చూస్తాను. నేను సాగనంపిన వాళ్లలో తిరిగిరాని వాళ్లే ఎక్కువ.

బైబిలు మీద వేలు పెట్టి నాకు నేనే చదువు నేర్చుకున్నదాన్ని. కంప్యూటరు సంగతులు భూమిక చెబితేనే తెలిశాయి. ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేరు ఆమె లాబ్‌లో ఒకటి, మా అబ్బాయి ప్రశాంత్ ఆఫీసులో ఒకటి. రెండూ ఒకే ప్లాట్‌ఫారం మీద కట్టినవే. కానీ ఆఫీసుది కొత్తది. పాతదానిలో చేసిన పనిని అందులో తెరిస్తే సెట్టింగులన్నీ తన పద్ధతికి మార్చేస్తుంది. ఇక పాతదానిలో అది తెరుచుకోదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆమె చేపలు కడుగుతుంటే, ప్రశాంత్ ఆమె ఎంటెక్ ప్రాజెక్టును తన ఆఫీసు సాఫ్ట్‌వేరులో తెరిచాడు. మేనేజరుకు తన పనిగా చూపించుకోవడానికి. సోమవారం లాబ్‌లో గైడు ముందు అది తెరుచుకోలేదు. గురువారమే వైవా. నెల కిందటి కాపీ ఒకటి స్నేహితురాలి దగ్గర ఉంది. మిగతాదంతా మళ్లీ చేయాలి.

"బేస్ ఒకటే కదా, నువ్వే కొంచెం అడ్జస్ట్ చేసుకో. నా వర్షన్‌లో చక్కగా నడుస్తోంది," అన్నాడు ప్రశాంత్ టీవీ చూస్తూ.

"నడుస్తది. నా పేరు తీసేసినవ్ గదా."

"ఇంట్లో కూడా నీది, నాది అని విడదీస్తావా? మీ వాళ్ల ఉద్యమం వంటింటి దాకా వచ్చిందే!"

"తెరువొద్దన్ననా? అడిగి తెరువుమన్న. కాపీ తీస్కొని తెరువుమన్న. గంతే."

మూడేళ్లలో ఆ ఇంట్లో ఆమె తన యాసలో మాట్లాడటం అదే మొదలు. మా చర్చి పాటలు, మా పులుసు, మా కోస్తా మాటతీరు అన్నీ నేర్చుకుంది. వాళ్లింటి సర్వపిండి చేయమని మేమెవరమూ అడగలేదు. ఫోన్లో వాళ్లమ్మ "నీ మాట గిట్ల మారిందేంది బిడ్డా" అందట.

"అమ్మా, నువ్వైనా చెప్పు," అన్నాడు నా కొడుకు.

సర్దుకోమని మా ఆయన నాకు చెప్పిన మాటే ఇన్నాళ్లూ ఆమెకు చెప్పాను. అదే నోటిదాకా వచ్చింది.

"ఆటో ఆగి ఉంది, వెళ్లమ్మా," అన్నాను.

"పోయొస్త అత్తమ్మా."

వైవా పాసయింది. తార్నాకలోని ఆ ఇంటికి భూమిక మళ్లీ రాలేదు. వెళ్లింది 2011 ఫిబ్రవరి ఇరవై ఒకటి, సోమవారం.