మానస పెట్టని బ్రాకెట్లు

హనుమకొండలోని ఆ కంటి దవాఖానలో కంప్యూటర్ పని మానసది. ఎంత పెద్ద జాబితా అయినా చిటికెలో తీస్తానని అందరి ముందూ గొప్పలు పోయేది. శనివారం మరిపెడ, పాలంపేట ఊళ్ళ నుంచి ముప్పై మందికి ఉచిత ఆపరేషన్లంటే ఆ జాబితా కూడా చిటికెలోనే తీసింది.

జాబితా వరుసలో టోకెన్లు మరిపెడ వాళ్ళతోనే అయిపోయాయి. పాలంపేట నుంచి మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చిన చిలుకమ్మకు రెండు కళ్ళకూ పొరలే. అయినా టోకెన్ లేదు పొమ్మన్నారు.

పదింటికి మరిపెడ కట్టయ్య పరీక్ష గదిలో గొడవ పెట్టాడు. "నా కన్ను పోయినేడే చేసిండ్రు గద సార్! మళ్ళ ఎందుకు పిలిచిండ్రో అని భయపడుకుంట వచ్చిన."

ఆ మాట మానస చెవిన పడింది. జాబితా కోసం కంప్యూటర్‌కు తను రాసిచ్చిన షరతు తెరిచి చూసుకుంది. మరిపెడ లేదా పాలంపేట, మరియు ఆపరేషన్ కానివాళ్ళు. ఊళ్ళ చుట్టూ బ్రాకెట్లు లేవు! కంప్యూటర్ 'మరియు'ను ముందు ముడేస్తుంది, 'లేదా' సంగతి తర్వాతే చూస్తుంది. దాంతో కానివాళ్ళనే షరతు ఒక్క పాలంపేటకే అంటుకుంది. మరిపెడలో అయినవాళ్ళూ కానివాళ్ళూ అందరూ వచ్చిపడ్డారు.

మేనేజర్ రాజేశ్వర్ రావు మాత్రం జాబితా చూసి అందరికీ ఫోన్లు చేసిన క్లర్కు వెంకట్రాజం మీద విరుచుకుపడ్డాడు. "ఎవలకు చేస్తున్నవో సోయి ఉండదా?" రేపోమాపో రిటైరయ్యే మనిషి, అందరి ముందూ తల దించుకుని నిలబడ్డాడు.

మానస నోరు మెదిపితేనా! బ్రాకెట్లు పెట్టేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ఛీ, ఏం బతుకు! పాలంపేట వాళ్ళు ఈపాటికి బస్సెక్కేసి ఉంటారులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఒక్కొక్కరినీ పరీక్షించేసరికి మధ్యాహ్నం దాటింది. పంతొమ్మిది మందికి ఆపరేషన్ ఎప్పుడో అయిపోయిందని తేలింది. ఆపరేషన్లకని హైదరాబాద్ నుంచి వచ్చిన డాక్టరు మిగతా పదకొండు మందికి చేసి వెళ్ళిపోయాడు. ఆయన మళ్ళీ వచ్చేది మూడు నెలలకు.

వెంకట్రాజం నోటుబుక్కు పట్టుకుని మానస దగ్గరికి వచ్చాడు. "నా తప్పు ఏడున్నదో జర చూపియ్యి బిడ్డా. రాసుకుంట. మళ్ళొకసారి గిట్ల చెయ్య."

సిగ్గుతో ఆమెకు తల కొట్టేసినట్టయింది. "నీది కాదు కాకా. నాదే తప్పు. పదింటికే తెలిసింది. చెప్పలే."

ఆయన పెన్నుకు మూత పెట్టాడు. తిట్టినా బాగుండేది.

"పదింటికా?" అన్నాడు మెల్లగా. "చిలుకమ్మ పన్నెండు దాక గేటు కాడనే కూసున్నది బిడ్డా. ఎవలన్న పిలుస్తరేమోనని."