ముందు చక్రాల మధ్య నేను

నేనొక లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌ని. పేరు విని కంగారు పడకండి. నన్ను డబ్బిచ్చి కొన్న ఇంట్లోనే నన్ను ఇప్పటికీ "ఆ సామాను" అంటారు.

కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. దానికి వీలు కల్పించే మామూలు డిఫరెన్షియల్ ప్రతి కారులోనూ ఉంటుంది. అది మంచిదే కానీ కాస్త అమాయకురాలు. ఒక చక్రం బురదలో ఊరికే గిర్రున తిరుగుతుంటే ఇంజను బలమంతా దానికే ధారపోస్తుంది, పనిచేసే కొడుకుని వదిలేసి అల్లరి చేసేవాడికే అన్నీ పెట్టే తల్లిలాగా. నేను అలా కాదు. నా లోపలి ప్లేట్లు బిగుసుకుని, నేల మీద పట్టున్న చక్రానికీ బలం పంచుతాయి. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే. అదైనా చెయ్యనిస్తే కదా!

మొదట నన్ను కొన్నది కోయంబత్తూరులో ఒక రేసుల పిచ్చివాడు. నా పెట్టె విప్పకముందే అతనికి పెళ్ళి కుదిరింది. పిల్లనిచ్చేవాళ్ళు రేసులు మానమన్నారు. అతను రేసులు మానేశాడు, నేను విశాఖపట్నం వచ్చి పడ్డాను.

ఇక్కడ నా యజమాని పైడిరాజు గారు, జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరరు. వాడిన ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి ముచ్చటపడి కొన్నారు. పుట్టి బుద్ధెరిగాక నలభై దాటించి నడిపిన మనిషి కాదు. అయినా మలుపుల్లో వేగం చాలడం లేదని నన్ను వేయించారు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

బిగించిన మర్నాడు గుడికి తీసుకెళ్ళారు.

"కొత్త బండా?" అన్నారు పూజారి గారు.

"బండి పాతదేనండి. లోపల పార్టు కొత్తది."

పూజారి గారు టిక్కెట్ల పుస్తకం తిరగేశారు. "పార్టుకైనా బండి టిక్కెట్టే తీసుకోవాలండి," అన్నారు.

అపార్ట్‌మెంటులో అందరూ వచ్చి చూశారు. చూడ్డానికి ఏమీ లేదు, నేను గేరుబాక్సు లోపల ఉన్నాను. అయినా చూశారు. మైలేజీ పెరిగిందా అని ఒకరు, ఏసీ చల్లగా వస్తోందా అని ఇంకొకరు అడిగారు. మొదట్లో పైడిరాజు గారు బొమ్మ గీసి వివరించేవారు. తర్వాత "పెరిగిందండీ" అనడం మొదలుపెట్టారు. నేను ఏం పెంచానా అని ఆలోచనలో పడ్డాను.

సెల్లారులో మెల్లగా, ఇరుకుగా కారు తిప్పితే నా ప్లేట్లు కటకటమంటాయి. అది నా ఆరోగ్యం. ఇంట్లోనే ఉంటున్న మావగారు సన్యాసిరావు గారికి మాత్రం అది రోగంలా వినిపించింది.

"ఏటల్లుడు గారూ, లక్షణంగా ఉన్న బండికి ఈ పళ్ళు కొరుకుడేటి?"

"అది పనిచేస్తోందనడానికి గుర్తు మావయ్య గారూ."

"మా చిన్నాన్న మోకాళ్ళు కూడా ఇలాగే పనిచేసేవి బాబూ. ఆఖరికి మంచం పట్టాడు."

అంతటితో ఊరుకోలేదు, కొనేవాణ్ణి కూడా తెచ్చారు. ఆ మనిషి కారు చుట్టూ తిరిగి, "ఆ సామాను పీకేసి మామూలుది పెట్టించండి, తీసుకుంటాను," అన్నాడు. పీకేస్తే నేను తుక్కు కొట్టుకే. ఒక్కసారైనా పని చెయ్యకుండానే.

పైడిరాజు గారు బతిమాలారు. మావగారు ఒక పందెం పెట్టారు. "అందరం అరకు వెళ్దాం. దార్లో ఆగకుండా ఘాటీ ఎక్కిందా, ఉంచుకోండి. ఆగిందా, అమ్మేసి ఏడుగురు పట్టే బండి కొందాం." ఆ ఇంట్లో ఉన్నది నలుగురు.

వాన పడుతోంది. ఘాట్ రోడ్డులో ఎదురుగా బస్సొచ్చింది. పైడిరాజు గారు మర్యాదస్థులు. బస్సుకి దారిచ్చి ఇచ్చి, ఎడమ ముందు చక్రాన్ని పక్కనున్న బురదలోకి దించేశారు. కారు ఆగిపోయింది.

నా జన్మ ధన్యమైందనుకున్నాను. నన్ను పుట్టించింది ఈ క్షణానికే. ఆయన మెత్తగా, అట్లకాడతో పెసరట్టు తిప్పినట్టు, యాక్సిలరేటరు తొక్కారు. చక్రం కాస్త జారగానే భయపడి కాలు తీసేశారు. ఇంకొంచెం తొక్కండి స్వామీ, నేనున్నాను, అని నా భాషలో కటకటమన్నాను.

ఆయన దిగిపోయారు. ప్యాంటు మడిచారు. "హైమా, నువ్వు స్టీరింగు పట్టుకో. నేను తోస్తాను."

నేను నిర్ఘాంతపోయాను. చక్రం జారితే పనికొస్తానని నన్ను వేయించిన మనిషి, చక్రం జారగానే తోయడానికి దిగాడు!

భార్య హైమావతి గారికి పెళ్ళికి ముందునుంచే లైసెన్సు ఉంది. ఈ కారు తాళం మాత్రం చేతికిచ్చినవాళ్ళు లేరు. వెనక సీట్లోంచి తండ్రి "మెల్లగా అమ్మా!" అన్నారు. తల్లి అప్పన్న స్వామిని తలుచుకున్నారు. హైమావతి గారు యాక్సిలరేటరు మీద కాలు పెట్టి, తియ్యలేదు.

నేను బిగిశాను. కుడిచక్రం రోడ్డుని కరిచింది. కారు ఒక్క గెంతులో పైకొచ్చింది. వెనక నిలబడ్డ పైడిరాజు గారు నఖశిఖ పర్యంతం బురదయ్యారు.

అనంతగిరిలో టీ తాగుతూ తేల్చుకున్నారు. తన తోపుడే అని అల్లుడు, అప్పన్న మహిమ అని అత్తగారు, తాను కుడివైపుకి ఒరిగి కూర్చోబట్టే అని మావగారు. నా పేరు ఎవరి నోటా రాలేదు.

"ఏదైతేనేం," అన్నారు సన్యాసిరావు గారు, "ఆగింది. పందెం ప్రకారం అమ్మాల్సిందే."

"ఆగింది బండి కాదు నాన్నా. ఆపింది ఈయన," అంది హైమావతి. తాళం తన హ్యాండుబ్యాగులో వేసుకుంది. "అమ్మేది లేదు. రేపట్నుంచి మా ఆఫీసుకి దీన్ని నేనే తీసుకెళ్తాను."

"మరి నేనో?" అన్నారు పైడిరాజు గారు.

"స్కూటరుందిగా."

మిగిలిన ఘాటీ ఆవిడే నడిపింది. ప్రతి మలుపులోనూ నేను బిగుసుకున్నాను, వదిలాను, మళ్ళీ బిగుసుకున్నాను. కారు గీత గీసినట్టు తిరిగింది. ముందు సీటు ఆవిడ హ్యాండుబ్యాగుకి పోగా, వెనక సీట్లో అత్తమామల మధ్య ఇరుక్కుని, ఒంటి బురద వాళ్ళకి అంటకుండా చేతులు ముడుచుకుని కూర్చున్న నా యజమానికి, నేనెందుకున్నానో మొదటిసారి ఒంటికి తెలిసింది. ఇప్పుడైనా నా గురించి ఒక మాట అంటారని ఎదురుచూశాను.

"హైమా," అన్నారు ఆయన నెమ్మదిగా, "మలుపుల్లో ఇంత వేగం ఎందుకు?"