రాజుగారి కాలు, రొయ్యల శాంపిలు

మొగల్తూరు చుట్టుపక్కల జగన్నాథరాజుగారి పాదంలాంటి పాదం ఇంకోటి లేదండి. ముప్పై ఏళ్ళు రొయ్యల చెరువుల్లో నాని నాని రాయైపోయింది. ముళ్ళు దాన్ని చూసి పక్కకి ఒరిగి దారిచ్చేవి.

సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మొన్న ఆయన చెరువులో దిగి మేత పళ్ళెం ఎత్తుతుంటే, వేలెడు లేని రొయ్య తలమీది కొమ్ముతో ఆ పాదాన్నే కసుక్కున పొడిచింది. మర్నాటికి బూరెలా పొంగింది. నరసాపురంలో డాక్టరు రూతుగారు చూసి, చీము పట్టిందని, ఏడు రోజులపాటు ఉదయమొకటి రాత్రొకటి యాంటీబయాటిక్ మాత్ర వేసుకోమని, నీళ్ళలో దిగొద్దని చీటీ రాసిచ్చారు.

మూడోరోజుకి వాపు తీసింది. నాలుగోరోజు రాజుగారి గుండెలో రాయి పడింది. పట్టుబడికి, అంటే చెరువులో రొయ్యలన్నీ పట్టి అమ్మే రోజుకి, ఇంకా వారమే ఉంది. రొయ్యలు కొనే కంపెనీవాళ్ళొచ్చి శాంపిలు తీస్తారు, రొయ్యలో యాంటీబయాటిక్ జాడ కనబడితే సరుకంతా వెనక్కే. అలాంటి మందు చెరువుగట్టు ఎక్కకుండా కాపలా కాసిన మనిషాయన. ఇప్పుడది తన ఒంట్లోనే ఉందాయె. ఈ కాలు నీళ్ళలో పెడితే చెమటతోపాటు మందూ దిగదూ? మిగిలిన మాత్రలు బియ్యం డబ్బాలో దాచేసి, అయిపోయాయని భార్య సుబ్బాయమ్మగారికి చెప్పి, చెరువులో దిగిపోయారు.

ఆరోరోజు మధ్యాహ్నం జ్వరం తన్నుకొచ్చింది. ఎర్రటి గీతొకటి పాదం నుంచి మోకాలికి పాకింది. మంచం మెల్లగా లేచి, కొబ్బరాకుల సందుల్లోంచి చెరువుమీదికి తేలిపోయింది. చెరువు నీళ్ళని చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు నీళ్ళకి బదులు మబ్బులు చిమ్ముతున్నాయి. అద్దాల్లాంటి ఒళ్ళతో రొయ్యలు బారులు తీరి పైకొచ్చాయి. వాటిలో మీసాలు పొడుగైనదొకటి ఆయన కాలిని అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా అంది.

"శాంపిల్ ఫెయిలండి."

"మందు కనబడిందా?" అన్నారు రాజుగారు.

"కనబడకే ఫెయిలండి. సరుకు వెనక్కి."

రొయ్యలన్నీ కలిసి మంచాన్ని గట్టుకి తోసేశాయి.

కళ్ళు తెరిస్తే ఎదురుగా సుబ్బాయమ్మగారు, ఆవిడ చేతిలో బియ్యం అంటుకున్న మాత్రలు. వాటిని కొంగున ముడేసుకుని ఆయన్ని ఆటో ఎక్కించారు.

మాత్రలెందుకు ఆపారో విని రూతుగారు నవ్వలేదు. "మీ కాలివల్ల చెరువుకేం కాదండీ. చెరువువల్ల మీ కాలు పోతుంది. వాపు తీసిందని ఆపేస్తే, మిగిలిన మొండి క్రిములు మళ్ళీ తిరగబెడతాయి. ఈసారి ఆఖరి మాత్రదాకా వేసుకుంటారా?"

వేసుకుంటానన్నారు. రెండు రోజులు ఇంజక్షన్లు, ఆపైన మళ్ళీ మాత్రలు. పట్టుబడి నాడు రాజుగారు ఇంట్లో మంచం దిగలేదు, సుబ్బాయమ్మగారే దగ్గరుండి చేయించారు. రొయ్యలు పరీక్ష నెగ్గాయి. కాలూ నిలిచింది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. రొయ్య మాట్లాడటం కాదు, అది రాజుగారే చెప్పారు. ఆయన మంచం దిగలేదన్నానే, అదీ నా కల్పన. ఆరోజు చెరువుగట్టుమీద ఒక కుర్చీలో ఆయన, ఇంకో కుర్చీలో కట్టు కట్టిన కాలు, పక్కనే మాత్రా మంచినీళ్ళ గ్లాసూ పట్టుకుని సుబ్బాయమ్మగారు.