శ్రీపతి సేటు సారీ

ఆబిడ్స్‌లోని తన హోటల్లో శ్రీపతి సేటు, బల్లలు తుడిచే గట్టయ్యను చెంప మీద కొట్టాడు. నేరం: గిరాకీలు కూర్చునే కుర్చీలో కూర్చుని చాయ్ తాగడం. వంటింట్లో పిండి రుబ్బుతున్న గట్టయ్య పెళ్లాం పూలమ్మ చూస్తుండగానే కొట్టాడు. ఇదేమీ నిజాం కాలం ముచ్చట కాదు. మనం ఓట్లేసి సర్కారును తెచ్చుకున్న మరుసటేడు, యాభైమూడులో.

పనివాళ్లంతా గ్లాసులు బోర్లించి బయట కూర్చున్నారు. నాంపల్లి నుంచి యూనియన్ మొగులయ్య పరుగెత్తుకొచ్చాడు. డిమాండు ఒక్కటే: పూలమ్మకు వినబడేటట్టు సేటు తప్పైందని చెప్పాలి.

శ్రీపతి గల్లా దగ్గర్నుంచి లేవకుండానే "సారీ" అన్నాడు.

"గెలిచినం రా! ఇంగ్లీషుల చెప్పిండు!" అని మొగులయ్య గంతేశాడు.

"ఇంగ్లీషుల చెప్తే ఎక్కువనా అన్నా?" అన్నాడు గట్టయ్య.

"కాదా మరి? ఇప్పుడు దఫ్తర్లల్ల అంత ఇంగ్లీషే. ఇంగ్లీషుల అన్నడంటే ముద్ర గొట్టినట్టే."

అందరూ నమ్మారు. ఇంగ్లీషు కాగితం వస్తే లేచి నిలబడి అందుకునే జనం, ఇంగ్లీషు మాట వస్తే కాదంటారా? పనిలోకి పోయారు. "ఏమన్నడు?" అని పూలమ్మ అడిగితే మాత్రం ఎవరూ సరిగా చెప్పలేకపోయారు.

తర్వాత గట్టయ్య ఆ మాట ఎక్కడెక్కడ తిరుగుతుందో చూశాడు. ఇడ్లీ అయిపోతే గన్‌ఫౌండ్రీ బ్యాంకు గుమాస్తాకు సారీ. తుమ్మితే సారీ. బిచ్చగాడు చెయ్యి చాపితే "సారీ, ముందుకు నడువ్." కాలు తగిలితే కుర్చీకి కూడా సారీ. కుర్చీకీ గట్టయ్యకూ ఒకటే మర్యాద!

ఓ పొద్దున గట్టయ్య చేతిలో గ్లాసు పగిలింది. శ్రీపతి లేచొచ్చి, ముందు సారీ అని, తర్వాత కొట్టాడు. ఆ మాటలోని సుఖానికి ఆయన బాగా మరిగాడు.

గట్టయ్య తుడిచే గుడ్డ బల్ల మీద పడేశాడు. "గది గాదు సేటూ. తప్పైందని చెప్పు."

"అరె, కావాలంటే నేను పదిసార్లు సారీ అంట. రెండిటికి అర్థం ఒకటేనయ్యా!"

"ఒకటే అయితే గిదే చెప్పు. నోరు నొస్తదా?"

మిగతా పనివాళ్లూ చేతులు కట్టుకుని నిలబడ్డారు; చాయ్ రాక గుమాస్తాలు గడియారం చూసుకుంటున్నారు. "జల్దీ చెప్పు సేటూ, నాకు బ్యాంకుల గైర్‌హాజరేస్తరు" అన్నాడు వాళ్లలో వెంకటేశం.

శ్రీపతి నోరు తెరిచాడు, మూశాడు. దినమంతా ఇంగ్లీషు వెదజల్లే మనిషికి, తల్లి నేర్పిన ఒక్క మాటకు చెమట పట్టింది. చివరికి గల్లాపెట్టెకు చెప్పుకున్నట్టు గొణిగాడు: "తప్పైంది."

"జర గట్టిగ."

"తప్పైంది గట్టయ్యా!"

వంటింట్లో రుబ్బుడు ఆగింది.

"ఔ, ఇనవడ్డది," అంది పూలమ్మ.