దువ్వెనలో నిలిచిన అల

మొదట్లో ఆమె చేతిలో ఉన్న సరుకు ఒక గాజు తొట్టి, ఒక కారు వైపర్ మోటారు, ఒక చెక్క గరిటె. పాత్రల దుకాణం నడిపే అన్నయ్య ఆ తొట్టిని పొడవుగా, బెత్తెడు వెడల్పున చేయించి ఇచ్చి, "నీళ్ళు ఊపడానికి ఇంత చదువు కావాలా అమ్మడూ?" అని నవ్వాడు.

మోటారు తొట్టిని పైకీ కిందికీ ఊపుతుంటే, గరిటెతో ఒకసారి కదిపిన నీళ్ళు ఒక్కచోట మాత్రం మూపురంలా లేచి ఊగుతూ నిలిచేవి. మిగతా తొట్టంతా నిమ్మళం. ఆ మూపురం అణగదు, పక్కలకు చెదరదు. ఎందుకు చెదరదో లెక్కకట్టి చూపించి ఆమె డాక్టరేటు తెచ్చుకుంది. మంచి పత్రికలు ఆమె వ్యాసాలు వేసుకున్నాయి. పెట్టుబడితో పోలిస్తే ఆ రాబడి తక్కువేం కాదు.

ఆ తరవాత సరుకు మార్చింది. సిలికాన్ బిళ్ళ మీద దువ్వెన పళ్ళలా వరసగా చెక్కిన, వెంట్రుక కంటే సన్నని పట్టీలు. ఊపితే ప్రతి పన్నూ తన స్వరంలో కంపిస్తుంది. గట్టిగా ఊపితే స్వరమే మారిపోతుంది. వాటి మీదా పేరొచ్చింది. చిక్కల్లా రెండు పేర్లూ ఒకచోట కలవకపోవడమే.

సంస్థ డైరెక్టరు ఆమె పరిశోధనల వివరం తిరగేసి పెదవి విరిచాడు.

"సగం నీళ్ళు, సగం సిలికాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టారమ్మా. సోమవారం కమిటీతో వస్తాను. ఇదంతా ఒకే పని అని చూపించండి. లేదంటే తొట్టి తీసేసి సగం గది ఇచ్చెయ్యాలి."

గది పోతుందన్న బాధ కంటే తన ఇన్నేళ్ళ పనిని నిలువునా కోసేశాడన్న బాధ ఎక్కువైంది ఆమెకు. రెండింటినీ నడిపించే సమీకరణం ఒకటేనని కాగితం మీద ఎప్పుడో తేల్చింది. కానీ కాగితం చూపిస్తే కమిటీ కరగదు. మూపురం దువ్వెనలో ఎన్నడూ కనబడలేదు.

వాళ్ళు తొట్టిని వరండాలో పడేయకముందే ఇంటికి చేరుద్దామని అన్నయ్యకు కబురు చేసింది. శుక్రవారం మధ్యాహ్నం వ్యానుతో దిగాడు.

"ఎత్తే ముందు ఒకసారి ఆడించవే. నేను చేయించిన సరుకు, దాని ఆటేంటో చూడనే లేదు."

"ఇన్నేళ్ళకి తీరికైందా షావుకారుగారికి?" అంటూ ఆమె మోటారు వేసింది. మూపురం లేచింది. అన్నయ్య గరిటె లాక్కుని దాన్ని మెల్లిగా తోశాడు. అది జరిగి, కొత్తచోట నిలిచి ఊగసాగింది.

"అచ్చం మా గుమాస్తాలా ఉందే! ఎక్కడికి తోస్తే అక్కడ కూర్చుని కునుకుతోంది."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. చూపు అలమరలో ‘పనికిరానివి’ అని రాసి ఉన్న డబ్బా మీద పడింది. ఊపు వేగం పెంచుతూ పోతే, పళ్ళన్నీ సద్దుమణిగి ఒక్కచోట మాత్రం కంపనం నిలిచి తెరమీద తళుక్కుమనే దువ్వెనలు అందులో ఉన్నాయి. ఆ పన్ను సరిగా చెక్కలేదనుకుని, బిళ్ళలు చెక్కే కుర్ర ఇంజనీరును నాలుగు మాటలని, డబ్బాలో వేసెయ్యడమే. లోపమైతే ఆ తళుకు ఎప్పుడూ అదే పన్ను మీద ఉండాలి. ఉందా? రెండోసారి ఊపి చూసిందే లేదు.

ఇంజనీరును పిలిచింది.

"ఆ డబ్బా తీసుకురా నాయనా."

"మళ్ళీ తిట్టడానికా మేడం?"

మొదటి బిళ్ళను గాలి తీసేసిన శూన్యపు పెట్టెలో పెట్టి ఊపారు. ఆపి, మళ్ళీ ఊపారు. తళుకు అదే చోట. నిజంగానే చెడిన పన్ను. ఇంజనీరు తల దించుకున్నాడు. ఆమె రెండో బిళ్ళ పెట్టింది. తెరమీద ఎడమవైపు తళుకు. ఆపింది. మళ్ళీ ఊపింది. ఈసారి కుడివైపు!

ఇక గరిటె కావాలి. సన్నని లేజరు వెలుగును పక్క పన్ను మీద వేసి కాస్త వెచ్చబరిచింది. తళుకు టక్కున ఆ పన్ను మీదికి జరిగి, లేజరు తీసేసినా అక్కడే నిలిచింది.

"నీ గరిటె ఇంత చిక్కిపోయిందేంటే!" అన్నాడు అన్నయ్య.

"అయితే మేడం, నేను ఇన్నాళ్ళూ తిన్న తిట్లు?"

"వడ్డీతో సహా వెనక్కి తీసుకో."

సోమవారం ఆమె డైరెక్టరుకు ముందు చెక్క గరిటె ఇచ్చింది, తరవాత లేజరు మీట. ఆయన మూపురాన్ని తోశాడు, తళుకునూ తోశాడు. కమిటీ కాఫీ చల్లారేదాకా తోస్తూనే ఉన్నాడు.

"రెండు పడవలన్నాను కదమ్మా..."

"ఒకటేనండీ. మీరు రెండు కొసలు చూశారు."

ఆయన నవ్వేశాడు. "అయితే మీ వివరం తిరగరాసి పంపండి."

"తిరగరాయక్కర్లేదండీ. మధ్యలో ఒక్క వాక్యం చేరిస్తే చాలు."

ఆఖరుకు తేలింది ఇదీ. గది మొత్తం ఆమెదే, తొట్టి ఉన్నచోటే ఉంది. అన్నయ్య వ్యాను ఖాళీగా వెనక్కి వెళ్ళింది గానీ, గిన్నెలు కొనడానికి వచ్చినవాళ్ళెవరూ నీళ్ళు ఊపే చెల్లెలి సంగతి వినకుండా దుకాణం దాటడం లేదు. ఆమె మటుకు, నీళ్ళలోనూ పళ్ళలోనూ నిలిచేది ఒకే అల అని ఆ ఒక్క వాక్యం రాసి, మొదటి వ్యాసం నుంచి చివరిదాకా మళ్ళీ చదువుకుంది. నీళ్ళలో పెట్టిన వయసూ సిలికానులో పెట్టిన వయసూ ఒకే పద్దులో జమ అయ్యాయి. అందులో వృథా పోయింది ఏదీ లేదు.