పిన్నులు కొట్టిన చివరి అధ్యాయాలు

అక్క పోయి నెల తిరగకముందే, బీరువా ఖాళీ చేసి పెట్టమని బావ కబురు పెట్టాడు. దాన్నిండా ఫ్రాన్సు రాణుల జీవిత చరిత్రలే, నలభై ఒకటి. పాత పుస్తకాల కొట్లన్నీ గాలించి, బావ చేత ‘రాణీగారు’ అని వెక్కిరింపులు పడుతూ ఇరవయ్యేళ్లు పోగేసింది. చెల్లెలు అట్టపెట్టెలు పట్టుకుని వచ్చింది. ఆమెకు ఏడుపు రావడం లేదు. ఎందుకు రావడం లేదో ఆలోచించే ఓపికా లేదు.

అక్కది వింత పద్ధతి. పుస్తకం కొన్న రోజే చివరి అధ్యాయం పేజీలన్నీ కలిపి స్టేప్లరుతో పిన్నులు కొట్టేసేది. పట్టాభిషేకాలు, పురుళ్లు, సవతుల పోరు నోరూరించుకుంటూ చదివేది గాని, చావు జోలికి పోయేది కాదు. పిన్నుల ముందు పేజీలో ముగించిన తేదీ పెన్సిలుతో వేసేది.

“వాళ్లు పోయారని నాకూ తెలుసే. నా ఇంట్లో మాత్రం పోనివ్వను,” అనేది.

ఆ మాట పట్టుకునే చెల్లెలు అబద్ధమాడింది. ఆసుపత్రిలో స్కానింగ్ తీసే ఉద్యోగం ఆమెది. అక్కకీ తనే తీసింది. “గాలి బిగబట్టు... ఇక వదులు,” అంటూనే తెర మీద అంతా చూసింది. బయటికొచ్చి, “కడుపులో పుండే అక్కా, మందులకి మానుతుంది,” అంది. బావ చేతా అదే చెప్పించింది. అక్క అది నమ్మే పోయిందా? అక్క పోయినప్పటి నుంచీ చెల్లెలికి కావలసింది ఆ ఒక్క జవాబే.

నలభై పుస్తకాలు తుప్పు పిన్నులతో సహా పెట్టెల్లోకి వెళ్లాయి. నలభై ఒకటోది బీరువాలో కాక అక్క మంచం పక్కన దొరికింది. దాని పిన్నులు ఊడదీసి ఉన్నాయి, ఒక్క కాగితమూ చిరగకుండా. పెన్సిలు తేదీ ఈసారి పుస్తకం చిట్టచివర ఉంది. స్కానింగ్ తీసిన మర్నాటి తేదీ.

ఆ తర్వాత ఐదు నెలలు ప్రతి ఆదివారం అక్క అడిగేది, “పుండు కాస్త తగ్గినట్టే ఉంది కదే?” అని. “తగ్గింది అక్కా,” అనేది చెల్లెలు. హమ్మయ్య, నమ్మింది అనుకుని, ఇంటికెళ్లి కడుపునిండా తిని నిద్రపోయేది. ఆ నిద్ర తనకు దక్కాలనే అక్క అడిగేదని ఇప్పుడు తెలిసింది. తెలిసినా కళ్లు పొడిగానే ఉన్నాయి.

“అయిపోయిందా?” అన్నాడు బావ గుమ్మంలోంచి.

“ఒక్కటి మిగిలింది బావా. స్టేప్లరు ఎక్కడుంది?”