గడప మీద చీపురు

రెండో గది ఊడవడం అయిపోవచ్చింది. సితాన్ నడుం సగానికి వంచి, ఎడమ చెయ్యి వీపు మీద పెట్టుకుని, కుడి చేత్తో మంచాల కింద దుమ్ము లాగుతోంది. ఆ చీపురుకి కర్ర లేదు. మూరెడు పొడవున గడ్డి పుల్లలు కోసి, మొదట్లో నీలం ప్లాస్టిక్ పట్టీతో బిగించి తనే కట్టుకుంది. పొడుగు కర్ర చీపురు ఒకటి ఏదో సంస్థవాళ్ళు ఇచ్చి పోయారు. దాన్ని తలుపు వెనక నిలబెట్టింది. నిటారుగా నిలబడి ఊడిస్తే మూలల్లో ఏముందో కనబడదని ఆమె వాదన.

జిరిబుగు ఆరోగ్య కేంద్రం అంటే మూడు గదులు, ఒక వరండా, వరండాలో రెండు బల్లలు. పంతొమ్మిదేళ్ళుగా ఆమె ఊడుస్తున్న నేల ఇంతే. ఈలోగా నర్సులు ఎనిమిది మంది మారారు. వయసు అడిగితే, మిడతల దండు వచ్చిన ఏడు పుట్టానని చెబుతుంది. ఏ దండో తల్లి చెప్పలేదు కాబట్టి యాభై తొమ్మిది కావచ్చు, అరవై మూడూ కావచ్చు. పొట్టి మనిషి. బ్లీచింగు నీళ్ళకి అరచేతుల్లో గీతలు చెరిగిపోయాయి. పై పళ్ళ మధ్య వేలు పట్టేంత సందు ఉంది. నవ్వితే అందులోంచి సన్నగా ఈల వినబడుతుంది. ఊళ్ళో పిల్లలు ఆమెని ముందు విని, తర్వాత చూస్తారు.

చేతులు కడుక్కునే బకెట్టు నింపి, కుళాయి కారుతోందేమో చూసి, వరండాలోకి వచ్చింది. బల్ల మీద వస్సా ఒక పక్కకి ఒరిగి పడుకుని ఉంది. మోరిబా కెయితా కోడలు, ఇద్దరు పిల్లల తల్లి. నిన్న మధ్యాహ్నం నుంచి నొప్పులు. తెల్లారగానే ఉమ్మనీరు పోయింది. అప్పుడు గోడలు పట్టుకుంటూ నడిచి వచ్చింది. నర్సు యాకుబా కడుపు తడిమి చూసి, బిడ్డ అడ్డంగా ఉందనీ, ఇక్కడ తన వల్ల కాదనీ, పట్నం ఆసుపత్రిలో కోసి తియ్యాలనీ చెప్పాడు. మూడు చక్రాల బండి ఆవరణలోనే ఉంది. పెట్రోలు పోసి ఉంది. ఎక్కమంటే వస్సా ఎక్కలేదు. మొగుడు బంగారం గనుల్లో ఉన్నాడు, ఫోను మోగడం లేదు. మామగారు చెప్పందే ఎక్కనంది. చచ్చిపోతావంటే కళ్ళు మూసుకుంది గాని మాట మార్చలేదు.

యాకుబా స్వయంగా వెళ్ళి అడిగి అప్పుడే తిరిగొచ్చాడు. మెట్టు మీద కూలబడ్డాడు.

"ఏమన్నాడు నాయనా?" అంది సితాన్.

"లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు పెద్దమ్మా. నీళ్ళిచ్చాడు. మా అమ్మ ఎలా ఉంది, నాన్న ఎలా ఉన్నాడు, మేకలు ఎలా ఉన్నాయి, అన్నీ అడిగాడు. నేను టోపీ తీసి, నేల మీద కూర్చుని, తల వంచుకుని అడిగాను. అంతా విన్నాడు. 'నీ మాట చాలా బాగుంది బాబూ, దేవుడు నిన్ను చల్లగా చూడాలి' అన్నాడు. అంతే. ఒద్దని కూడా అనలేదు."

"అనడు. దీవించి పంపాడంటే కాదన్నట్టే. మర్యాదగా అడిగితే మర్యాదగానే కాదంటారు. నువ్వు పట్నం పిల్లాడివి, నీకెవరూ చెప్పలేదు."

చెప్పాల్సింది తనే. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసి కూడా ఆ కుర్రాణ్ణి ముందు పంపింది. చదువుకున్నవాడి మాట వింటాడేమో అనుకుంది. ఇప్పుడు వస్సా పెదవులు చూస్తే తప్పు చేశానని తెలిసింది.

ఆనాడు మస్సరాన్ పెదవులూ అలాగే తెల్లబడ్డాయి. సితాన్‌కి ఒక్కగానొక్క కూతురు, తొలి కాన్పు. కబురందుకుని సితాన్ పరిగెత్తి వెళ్ళేసరికి వియ్యాలవారి పెద్దలు ఆసుపత్రికి తీసుకుపోవాలా వద్దా అని మాట్లాడుకుంటున్నారు. వియ్యాలవారి ముందు నోరెత్తకూడదు. వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని తల వంచుకుంది. పొద్దున్నించి సాయంత్రం నమాజు దాకా, ఎవరైనా తనని అడుగుతారేమోనని అలాగే ఉంది. నమాజు అయ్యాక పెద్దలు నిర్ణయించాల్సిన పని లేకపోయింది. నలభై రోజులు గడిచాక సితాన్ ఈ వరండాలోకి వచ్చి, ఎవరూ పిలవకుండానే ఊడవడం మొదలుపెట్టింది.

"బండి స్టార్టు చేసి ఉంచు. ఆ పట్నం కాగితం రాసి ఉంచు," అని మెట్లు దిగింది. చేతిలో చీపురుందన్న ధ్యాస లేదు.

మోరిబా కెయితా వాకిలి గది ముందు నీడలో కూర్చుని తాడు పేనుతున్నాడు. భారీ మనిషి, పత్తిలాంటి గడ్డం. పక్కన ఇద్దరు ముసలివాళ్ళు టీ కాస్తున్నారు. సితాన్ ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే గొంతెత్తింది.

"ఒరే మోరిబా, నా బానిసా, లేచి నిలబడు. నీ యజమానురాలు వచ్చింది."

టీ కాస్తున్నవాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వుకున్నారు. సితాన్‌ది కులుబాలీల ఇంటిపేరు. కులుబాలీలూ కెయితాలూ ఎదురుపడితే బానిసలనీ బొబ్బర్లు తింటారనీ తిట్టుకోవాలి, అది తాతల నాటి ఒప్పందం. తిట్టు పడ్డవాడు కోపం తెచ్చుకోకూడదు. తిట్టినవాళ్ళు అడిగింది కాదనకూడదు. రాజునైనా తిట్టొచ్చు, అతనిది ఎదుటి ఇంటిపేరైతే చాలు.

"ఏమిటీ కంపు అనుకున్నా," అన్నాడు మోరిబా తాడు వదలకుండా. "బొబ్బర్లు తినేది వచ్చిందా. పొద్దున్నే ఎన్ని గిన్నెలు లాగించావే?"

"మూడు. నాలుగోది నీ ఇంట్లో తిందామని వచ్చా. కెయితాలు తలుపేసుకుని బొబ్బర్లు తింటారని ఊరంతా తెలుసులే."

మోరిబా పొట్ట కదిలేలా నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే ఆమె అందుకుంది.

"నీ కోడలు నాది. దాని కడుపులో ఉన్నదీ నాదే. బానిస ఇంట్లో ఏదుంటే అది యజమానిది. పట్నం తీసుకుపోతున్నా. అడగడానికి రాలేదు, చెప్పడానికి వచ్చా."

తాడు ఆగింది. నవ్వు పోయింది.

"సితాన్, ఇవాళ ఆట వద్దు," అన్నాడు.

ముప్పై ఏళ్ళలో అతను ఆమెని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆట లేకపోతే ఆమె ఉత్త ఊడ్చే మనిషి. ఆ వాకిట్లో ఆమె మాటకి విలువ లేదు. చేతిలో చీపురు అప్పుడు కనబడింది. దాన్ని అతని గడప మీద అడ్డంగా పడేసి, పక్కనే చతికిలబడింది.

"ఆట మీ తాత, మా తాత కలిసి పెట్టారు. ఆపాలంటే వాళ్ళని లేపుకు రా. అందాకా నేనిక్కణ్ణించి కదలను, నువ్వు లోపలికి పోలేవు."

ముసలివాళ్ళు టీ గ్లాసులు కింద పెట్టారు. మోరిబా తాడు పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "నా భార్యని అక్కడికే తీసుకుపోయా. రెండు రోజులు వరండాలో పడుకోబెట్టారు. నేను టోపీ చేత్తో పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డా. ఏదో కాగితం అడిగారు, అదేంటో నాకు తెలీలేదు. మళ్ళీ అడిగితే కసురుకుంటారని ఊరుకున్నా. మూడో రోజు పొద్దున పిలిచారు. దుప్పటి తెచ్చుకోమన్నారు."

"నేనూ తల వంచుకునే కూర్చున్నా, మా వియ్యాలవారి వాకిట్లో," అంది సితాన్. "మర్యాద కోసం నువ్వొకర్ని ఇచ్చావు, నేనొకర్ని ఇచ్చా. చాలు మోరిబా."

"అక్కడ దాని తరఫున ఎవరు మాట్లాడతారు?"

"నేను. నా నోరు నీకు తెలియనిదా."

"తెలుసు. పట్నం తట్టుకుంటుందా అని నా బెంగ." అతను మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం పాత గొంతే. "తీసుకుపోవే, బొబ్బర్ల గంపా. నా కోడలు చెక్కు చెదరకుండా తిరిగి రావాలి. అందాకా నీ చీపురు నా దగ్గర తాకట్టు."

దారంతా గుంతలు. సితాన్ బండి వెనక కూర్చుని వస్సా తల ఒళ్ళో పెట్టుకుంది. ప్రతి గుంతకీ మోరిబాని తిట్టింది, రోడ్డు అతనే తవ్వినట్టు. తిట్లు వింటూ వస్సా ఒకసారి నవ్వబోయి నొప్పికి ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నానికి పట్నం చేరారు.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాడు కుర్చీలోంచి లేవకుండానే వరస చూపించాడు. వరసలో నలభై మంది ఉన్నారు.

"నీ ఇంటిపేరేంటి నాయనా?" అంది సితాన్.

"కెయితా."

పళ్ళ సందులోంచి ఈల వచ్చింది. "నా బానిసలు పట్నంలో కూడా ఉన్నారన్నమాట. లెయ్యరా, కులుబాలీ వచ్చింది. ఆ చక్రాల మంచం ఇలా తొయ్యి. మీ పిల్లే ఇది, కెయితాల కోడలు."

వరసలో ఎవరో నవ్వారు. కాపలావాడు తల కొట్టుకున్నాడు. "బొబ్బర్ల వాసన గేటు దాకా కొడుతుంటే అప్పుడే అనుకున్నా," అంటూ లేచి మంచం తోసుకొచ్చాడు. వరస దానంతటదే రెండుగా విడిపోయి దారి ఇచ్చింది.

లోపల డాక్టరమ్మది కెయితాల ఇంటిపేరు కాదు. తలెత్తకుండా కాగితం అడిగింది. సితాన్ తలగుడ్డ ముడి విప్పి యాకుబా రాసిన కాగితం ఇచ్చింది. అది చాలదని ఆమెకి తెలుసు. కాగితం ఇచ్చినవాళ్ళు కూడా వరండాలో పడుకోవడం ఉంది. అందుకని నిటారుగా నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.

"మూడో కాన్పు. నొప్పులు నిన్న మధ్యాహ్నం నించి. ఉమ్మనీరు తెల్లారగానే పోయింది, రంగు మారలేదు. బిడ్డ అడ్డం, తల ఎడమవైపు. బిడ్డ గుండె చప్పుడు బయల్దేరేముందు విన్నారు, బాగుంది. జ్వరం లేదు. పొద్దున్నించి ఏమీ తినలేదు, నేను తిననివ్వలేదు."

డాక్టరమ్మ తలెత్తింది. "మీరు మంత్రసానా?"

"ఊడుస్తానమ్మా. ఎనిమిది మంది నర్సులు చెప్పుకుంటుంటే విన్నా."

డాక్టరమ్మ క్షణం ఆమె వైపు చూసి, ఆపరేషన్ గది తెరవమని కేకేసింది. తలుపు మూసుకున్నాక సితాన్ గోడకి ఆనుకుని కూర్చుంది. తల మాత్రం వంచలేదు. అంత గర్వం ఆమె జన్మలో ఎరగదు. కూర్చుని ఉండలేక, ఈ వరండా మూలల్లో ఎంత దుమ్ముందో చూడమని కాపలావాణ్ణి పిలిచి చివాట్లు పెట్టింది. వాడు ఏదో జవాబు చెప్పబోతుండగా లోపల్నుంచి ఏడుపు వినబడింది. పల్చటి, కోపంగా ఉన్న, బతికిన ఏడుపు.

వాడి ఫోనులోనే మోరిబాకి చెప్పింది. "ఆడపిల్ల. తల్లి బాగుంది. పిల్లకి నీ ముక్కే వచ్చింది, పాపం."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది. ముసలాయన ఏడుస్తున్నాడని ఆమెకి తెలిసింది. ఏడవనిచ్చింది.

"దానికి బొబ్బర్లు పెట్టకు," అన్నాడు చివరికి.

పిల్లకి సితాన్ అనే పేరు పెట్టారు. కెయితాల ఇంట్లో కులుబాలీ పేరు పిలవాల్సి వచ్చిందని మోరిబా ఊరంతా తిరిగి ఫిర్యాదు చేశాడు. చీపురు కోసం వెళ్తే ఇవ్వలేదు. అది తన గడప మీద ఉంది కాబట్టి తనదేనన్నాడు. ఆమె ఇంకోటి కట్టుకుంది. పాత చీపురు తన గడప మీద ఉన్నంతకాలం ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడానికి తనని ఎవరూ అడగక్కర్లేదని కోడళ్ళందరికీ చెప్పాడు. పక్క ఇళ్ళ కోడళ్ళు కూడా తమ మామగార్ల ముందు మోరిబా గడప మాట ఎత్తడం మొదలుపెట్టారు. మోరిబా కంటే తక్కువ వాళ్ళమని ఒప్పుకోవడం ఆ ముసలివాళ్ళెవరికీ ఇష్టం లేదు.

రెండు పంటలు గడిచాక ఒక మధ్యాహ్నం సితాన్ మూడు గదులూ ఊడ్చి, బకెట్టు నింపి, వరండాలో బల్ల మీద నడుం వాల్చింది. మళ్ళీ లేవలేదు.

మట్టి చెయ్యడానికి మంచం ఎత్తబోతుంటే మోరిబా వచ్చి దాని ముందు నేల మీద పడుకున్నాడు. ఎదుటి వంశంవాడు అలా అడ్డుపడటం మామూలే. "ఈ బొబ్బర్ల ముసలిది అడిగింది నేను ఒక్కసారి కూడా కాదనలేకపోయా," అన్నాడు ఆకాశంవైపు చూస్తూ. "లేచి ఇంకొక్కటి అడగమనండి. ఈసారి కాదంటా. అప్పుడు తీసుకుపోండి." జనం నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. కులుబాలీలు దారి ఇమ్మని అతని దోసిట్లో బొబ్బర్లు పోశారు. అందరూ చూస్తుండగా ఒక పచ్చి గింజ నోట్లో వేసుకుని నమిలి, లేచి దారి ఇచ్చాడు.

చీపురు దాటకూడదంటారు. ఆ ఇంట్లో మాత్రం దాటడానికే ఉంది. నిన్న పొద్దున వస్సా తోడికోడలు జ్వరంతో ఉన్న బిడ్డని వీపున కట్టుకుని, ఎవర్నీ అడక్కుండా, కట్టుగుడ్డ అంచు ఎత్తిపట్టుకుని దాన్ని దాటి వెళ్ళింది. పుల్లలు అరిగి జానెడు మిగిలాయి. నీలం పట్టీ మాత్రం ఆమె కట్టిన బిగువునే ఉంది.